చార్జరు మీదుగా తాడు

చిన్నవాడు తాడు కట్టేశాడు.

తాడంటే మరేదో కాదు, దుప్పట్లు ఆరేసే నైలాను తాడే. లాండ్రీ నడిపే ఇంట్లో తాళ్ళకేం కొదవ? వాషింగ్ షెడ్డు కిటికీ చువ్వకు ఒక కొస ముడివేసి, గేటు పక్కనున్న దీపస్తంభానికి రెండో కొస బిగించి, యార్డును నిలువునా రెండు చేశాడు. అటువైపు అన్నయ్య బండ్లు, ఇటువైపు తన బండ్లు. అంతా బాగానే కుదిరింది గాని, సరిగ్గా నడిమధ్యలో ఫాస్ట్ చార్జరు నిలబడి ఉంది. బీరువా అంత ఉన్న ఆ పెట్టెను అటూ జరపలేడు, ఇటూ జరపలేడు. చేసేదేమీ లేక తాడును దాని నెత్తిమీదుగా పోనిచ్చాడు.

"కత్తెర తెచ్చి కోసెయ్యనా?" అంది పెద్దకోడలు ఆఫీసు గది కిటికీలోంచి.

"ముట్టుకోకు వదినా. ముట్టుకుంటే సాయంత్రం దాకా కూడా ఆగను. ఇప్పుడే వెళ్ళిపోతా."

"పోనీ, అటునుంచి ఇటు రావాలంటే ఎలా రావాలో కూడా చెప్పు. నడుం వంచాలా, పాస్‌పోర్టు తేవాలా?"

చిన్నవాడికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును పళ్ళ మధ్యే నలిపేశాడు.

ఇంతలో తల్లి మడతల గదిలోంచి బయటికి వచ్చింది. తాడును ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. ఎవరు కట్టారని అడగలేదు, ఎందుకు కట్టారని అడగలేదు. చేతిలో ఉన్న తడి తువ్వాలును దులిపి, ఆ తాడుమీదే ఆరేసి, లోపలికి వెళ్ళిపోయింది.

తాడుకు అటువైపు పెద్దవాడు తన బండి టైరు ముందు గొంతుక్కూచుని గాలి చూసుకుంటున్నాడు. తలెత్తలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి నలుగురిలో అతని నోట ఒక్క మాట ఊడిపడలేదు.

నిన్న జరిగింది అలాంటిది మరి. ఆ ఇంట్లో నాలుగు బండ్లున్నాయి, నాలుగూ కరెంటువే. పెద్దవాడి బండ్లు హోటళ్ళ దుప్పట్లు మోస్తాయి, చిన్నవాడివి ఆసుపత్రుల బట్టలు మోస్తాయి. పొద్దున ఒక తిరుగుడు, మధ్యాహ్నం ఒక తిరుగుడు. మధ్యలో మాసిన మూటలు దింపి ఉతికిన మూటలు ఎక్కించేలోపు బండికి చార్జి ఎక్కాలి. చాలా రోజులు ఎక్కుతుంది. కొన్ని రోజులు, ఎంత మొత్తుకున్నా, సగం కూడా ఎక్కదు. నిన్న ఎక్కలేదు. బండి కదిలేసరికి వేళ దాటిపోయింది. ఊరికి ఆ చివరనున్న పెద్దాసుపత్రిలో, చేతులు కడుక్కుని, వాటిని గాల్లోకి ఎత్తి పట్టుకుని, వేసుకోవడానికి ఉతికిన గౌను లేక డాక్టరుగారు అలాగే నిలబడి ఉన్నారట. ఆపరేషన్ గది హెడ్ నర్సు ఫోను చేసి అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇవాళ్టికి సర్దుకున్నాం. ఇంకొక్కసారి ఇలా అయితే వేరే లాండ్రీ చూసుకుంటాం" అని మెల్లగా చెప్పి పెట్టేసింది.

అప్పుడే చిన్నవాడు నలుగురిలోనూ అన్నను పట్టుకుని ఆ మాట అనేశాడు. "నువ్వే తగ్గిస్తున్నావు. చార్జరు వేగాన్ని నీ ఫోన్లోంచే తగ్గిస్తున్నావు."

*

"బావగారు ఎందుకు తగ్గిస్తారు?"

ఈ ప్రశ్న వేసింది చిన్నవాడి భార్య. ఆ ఇంటికి వచ్చి ఏడాది ఇంకా నిండలేదు. వచ్చిన మొదటివారంలోనే మడతల గదిలో కూర్చుని, "దుప్పటి అంచు లోపలికే ఎందుకు మడవాలి? బయటికి మడిస్తే ఏమవుతుంది?" అని అడిగింది. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ తెలీదు. అందరూ అత్తగారి వైపు చూశారు. అత్తగారు కాసేపు ఆలోచించి, "అలాగే మడుస్తాం" అంది. ఆ రోజునుంచీ ఈ అమ్మాయికి ఎందుకమ్మ అనే పేరు స్థిరపడింది. డ్రైవర్లు కూడా ఎదురుగా చిన్నమ్మగారు అని, వెనక ఎందుకమ్మ అనే అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కోపం లేదు.

ఇప్పుడు మంచంమీద కూర్చుని, భర్త అలమరలోంచి చొక్కాలు తీసి సంచిలో కుక్కుతుంటే చూస్తోంది.

"ఎందుకు తగ్గిస్తాడంటే, నా ఆసుపత్రి పోవాలని" అన్నాడు చిన్నవాడు.

"పోతే ఆయనకేంటి లాభం? ఆసుపత్రి బట్టలు కూడా ఆయన మెషీన్లలోనే కదా ఉతికేది."

"నాకు తెలీదు. అన్నయ్య ఇంట్లో ఉన్న రోజునే నా బండి సరిగ్గా చార్జి అవదు. వాడు బండేసుకుని హైవే మీదికి పోయిన రోజున ఠంచనుగా అవుతుంది. నేను చూస్తూనే ఉన్నా. ఒక్కరోజు కూడా తప్పలేదు. దీనికేమంటావు?"

లెక్క భర్త చెప్పినట్టే ఉంది, ఎందుకమ్మ కూడా గమనించింది. బావగారు ఉంటే చార్జరు మందగిస్తుంది, లేకపోతే పరుగెడుతుంది. అయితే ఉన్నంత మాత్రాన చేసినట్టేనా అన్నదే ఆమె ప్రశ్న.

"మనం వెళ్ళేచోట చార్జరు ఉందా?"

"ఆసుపత్రి పక్కన షెడ్డు చూశా. చార్జరు పెట్టిస్తా."

"కరెంటు వాళ్ళు అంత పెద్ద లైను ఇస్తారా?"

"అడిగితే ఇస్తారు."

"ఇచ్చేదాకా?"

"బయట చార్జింగ్ స్టేషన్లో పెట్టుకుంటా."

"అక్కడ మనకంటే ముందు ఎవరి కారో ఉంటే? మన దగ్గర గౌన్లున్నాయని పక్కకి తప్పుకుంటారా?"

"అబ్బ! ఎందుకు, ఏమిటి, ఎలా అని చంపకు. ఇవాళ మధ్యాహ్నం బండి వేళకి బయల్దేరితే సరే. బయల్దేరకపోతే సాయంత్రం మనం బయల్దేరతాం. అంతే."

సంచి జిప్పు పడలేదు. దాన్ని అలాగే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ ఇంట్లో ఆవిరి వాసన, బ్లీచింగ్ వాసన, గొంతులు, తలుపుల చప్పుళ్ళు. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు వీటిని వదిలి, ఆసుపత్రి పక్కన ఎవరూ లేని షెడ్డులో తాను ఎవరిని ప్రశ్నలు అడగాలి? వెళ్ళాలని లేదు. ఆ మాట భర్తతో పైకి అనాలంటే మాత్రం భయంగా ఉంది. కొంగ్రొత్త కోడలు అత్తింట్లోనే ఉంటానంటే మొగుడి పక్షం కాదనుకుంటాడు.

సంచిలోంచి ఒక చొక్కా తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. ఒక్కటే.

*

ఆఫీసు గదిలో పెద్దకోడలు ఒక చెవిన ఫోను, ఇంకో చెవిన ఇంకో ఫోను పెట్టుకుని ఉంది. బండ్లు ఎప్పుడు ఎటు వెళ్ళాలో చెప్పేది ఆవిడే.

"అలాగేనండీ, పంపిస్తామండీ" అని రెండు ఫోన్లూ కింద పెట్టి, తలపట్టుకుంది. "హైవే హోటలు వాళ్ళు. ఎవరో గుంపుగా దిగుతున్నారట, సాయంత్రం పంపాల్సిన దుప్పట్లు మధ్యాహ్నానికే కావాలట. ఇవాళే దొరికిందా వీళ్ళకి!"

"బావగారికి చెప్పారా అక్కా?"

"చెప్పా. తలూపారు. ఊపారనే అనుకుంటున్నా. ఈగ వాలి ఊపారేమో కూడా తెలీదు."

ఎందుకమ్మ దగ్గరగా కుర్చీ లాక్కుంది. "అక్కా, ఒకటి అడగనా? బావగారి ఫోన్లోంచి నిజంగా చార్జరుని తగ్గించొచ్చా?"

పెద్దకోడలు తలుపువైపు చూసింది. గొంతు తగ్గించింది. "తగ్గించే సంగతి తర్వాత. ముందు ఫోన్లో ఆ చార్జరు యాప్ తెరవాలిగా? ఆ పాస్‌వర్డు మర్చిపోయి నెలయింది మా ఆయన."

"మరి నిన్న ఆ మాట అనొచ్చుగా!"

"ఎవరు? ఈయనా? తమ్ముడు దొంగ అన్నా పడతారు గాని, పాస్‌వర్డు మర్చిపోయానని మాత్రం ఒప్పుకోరు. రాత్రి నేనే అడిగా, ఎందుకు నోరు మూసుకున్నారని. ఏమన్నారో తెలుసా? 'వాడు అడిగితే చెప్పేవాణ్ణి. వాడు అడగలేదు, తేల్చేశాడు' అన్నారు. అటు తిరిగి పడుకున్నారు."



"నువ్వు వెళ్ళిపోతే నాకు తోచదే" అంది పెద్దకోడలు ఉన్నట్టుండి. "పొద్దస్తమానం బుర్ర తింటావని తిట్టుకుంటాను గాని, నిజంగా తోచదు."

ఎందుకమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏడుపు వచ్చేలా ఉంటే ఆపుకోవడానికి మళ్ళీ ప్రశ్నలోకే దిగింది. "బావగారు చెయ్యకపోతే ఎవరు చేస్తున్నట్టు? ఎవరూ చెయ్యకపోతే దానంతటదే ఎందుకు తగ్గుతుంది? కంపెనీవాళ్ళు వచ్చి చూసి బాగానే ఉందన్నారుగా?"

"వాళ్ళు వచ్చిన రోజు బాగానే ఉంది. ఈయన ఆ రోజు హైవే మీద ఉన్నారు."

"ఇవాళ నేను దాని ముందు కూర్చుంటా. చార్జి మొదలైన దగ్గర్నుంచి కళ్ళు తిప్పను. అది తగ్గేటప్పుడు ఏం జరుగుతుందో చూస్తా."

"మరి భోజనం?"

"దానిదేముంది అక్కా."

*

భోజనం ఆ రోజు ఎవరూ చెయ్యలేదు. అది వేరే కథ.

బండి రాకముందే తినేస్తారని తల్లి కొడుకులిద్దరికీ కంచాలు పెట్టింది. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. చిన్నవాడు పుట్టి, అన్నం తినే వయసు వచ్చినప్పటినుంచీ ఉన్న పద్ధతి. రెండు కంచాలూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి వడ్డిస్తుంది. ముందు ఒకడికి, తర్వాత ఒకడికి అన్నది లేదు. చిన్నప్పుడు ముక్క పెద్దదా చిన్నదా అని ఇద్దరూ కొట్టుకుంటే, ఆ తల్లి కనిపెట్టిన మందు అది. వాళ్ళకి పెళ్ళిళ్ళయినా, తలలో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు వచ్చినా ఆ మందు మాత్రం ఆగలేదు. గరిటెలు కూడా రెండు.

పెద్దవాడు వచ్చి కూర్చున్నాడు. చిన్నవాడు గుమ్మంలో నిలబడి, "నాకొద్దు" అన్నాడు.

"ఒక ముద్ద తిను."

"ఆ పక్కన కూర్చుని తినను."

తల్లి రెండు గరిటెలూ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దవాడి కంచం ముందే ఉంది, అన్నం గిన్నె పక్కనే ఉంది. అయినా వడ్డించలేదు. ఒక కంచం ఖాళీగా ఉండగా రెండోదాంట్లో పెట్టడం ఆమె చేతికి రాదు. పెద్దవాడు ఆమె మొహంలోకి చూసి, ఖాళీ కంచాన్ని కొంచెం ముందుకు జరిపి, లేచి వాషింగ్ షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు, "మీరైనా తినండి అత్తయ్యా" అంది.

"వాళ్ళు తినకుండానా?" అని గరిటెలు గిన్నెలో పడేసింది ఆవిడ. ఆ చప్పుడు యార్డులోకి కూడా వినిపించింది.

యార్డులో ఎందుకమ్మ అప్పటికే ఉతికిన మూటల బల్లమీద చోటు చేసుకుని కూర్చుంది. ఎదురుగా చార్జరు తెర. గాజు వెనక ఆకుపచ్చ అంకెలు వెలగడానికి సిద్ధంగా ఉన్నాయి. చార్జరుకు రెండు లావుపాటి కేబుళ్ళు, ఒక్కోదాని చివర ఒక్కో గన్ను. బండికి గుచ్చే ఆ పెద్ద ప్లగ్గును అందరూ గన్ను అనే అంటారు. ఒక గన్ను ఇటువైపుకి, ఒకటి అటువైపుకి వేలాడుతున్నాయి. తాడుకు అటు, పెద్దవాడి బండి చార్జరుకి ఆనుకుని నిలబడి ఉంది. గోడంత ఎత్తు బండి, దాని వెనక ఏముందో కనబడదు.

హాస్పిటల్ బండి వచ్చింది. డ్రైవరు దిగి, ఇటువైపు గన్ను తీసి గుచ్చి, మాసిన మూటలు దింపించడానికి వెనక్కి వెళ్ళాడు. చార్జరు గుర్రుమంది. తెరమీద కరెంటు ఎంత వేగంగా ఎక్కుతోందో చూపే అంకె పది, ఇరవై, నలభై అంటూ ఎగబాకి అరవై దగ్గర నిలబడింది.

ఎందుకమ్మ గౌన్ల నాడాలు ముడివేస్తూ, కళ్ళు మాత్రం తెరమీదే పెట్టుకుంది. అరవై, అరవై, అరవై. ఇలాగే ఉంటే గౌన్లు వేళకు ముందే చేరతాయి. ఆమెకు తెలియకుండానే కాళ్ళు ఊపుతోంది.

అంతలో అంకె ముప్ఫై అయింది.

ఏమీ కాలేదు. ఎవరూ రాలేదు, బండి కదల్లేదు, చప్పుడు కూడా పెద్దగా మారలేదు. అరవై ఉన్నచోట ముప్ఫై ఉంది, అంతే. ఎవరో కత్తితో సరిగ్గా సగానికి కోసినట్టు. పాతిక కాదు, నలభై కాదు. సరిగ్గా సగం ఎందుకు?

ఆ 'సగం' ఆమెను బల్లమీదనుంచి దూకించింది. చేతిలో గౌను పడేసి, తాడు కిందినుంచి దూరి, పెద్దవాడి బండి చుట్టూ తిరిగి అవతలికి పరుగెత్తింది.

అక్కడ అత్తగారు ఉంది.

రెండో గన్ను పెద్దవాడి బండికి గుచ్చి ఉంది. అత్తగారు దాన్ని ఒకసారి కదిపి, గట్టిగానే కూర్చుందని చూసుకుని, తాడుమీద తన తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకుంటోంది.

"ఏంటే, అలా ఆయాసపడుతున్నావు?"

"అత్తయ్యా... ఇది మీరు పెట్టారా?"

"నేనే. ఏం?"

"రోజూ మీరే పెడతారా?"

"పెద్దోడి బండి ఇక్కడున్న రోజున పెడతా. వాళ్ళంతా భోజనాల దగ్గరుంటారు, దీన్నెవరూ పట్టించుకోరు. ఒకడి బండి తాగుతుంటే ఇంకొకడి బండి పక్కన నోరెళ్ళబెట్టుకుని నిలబడాలా?" అత్తగారు తువ్వాలు మళ్ళీ తాడుమీద వేసింది. "అది బిగించిన రోజున ఆ కంపెనీ మనిషి చెప్పాడు. రెండు బండ్లకి ఒకేసారి పెట్టుకోవచ్చని చెప్పాడు. నేను విన్నా."

కంపెనీ మనిషి పెట్టుకోవచ్చు అన్నాడు. ఆవిడ పెట్టాలి అని విన్నది. ఆ ఇంట్లో రెండు కంచాలు పెట్టిన చెయ్యి అంతకంటే వేరుగా ఎలా వింటుంది? ఇందులో దాచింది ఏమీ లేదు. మంచినీళ్ళు ఇచ్చామని ఎవరైనా చెప్పుకుంటారా? ఆవిడ కూడా చెప్పుకోలేదు.

ఎందుకమ్మకు ముందు నవ్వొచ్చింది. అంతలోనే భర్త గుర్తొచ్చాడు. ఈ సంగతి భర్తతో చెప్పాలి. చెబితే బావగారి మీద నింద పోతుంది, నిజమే. కానీ నిన్న నలుగురిలో చిన్నవాడు అన్న ఇంకో మాట ఆమె చెవిలో మోగుతోంది. 'ఇది చేసింది ఎవరైనా సరే, వాళ్ళ చేతి అన్నం ముట్టను.' ఆ చేతులు ఇప్పుడు ఆమె ముందే ఉన్నాయి, బ్లీచింగుకి ముడతలు పడి. తానేమో నిన్నగాక మొన్న వచ్చిన కోడలు. అత్తగారిని వేలెత్తి చూపిస్తే ఈ ఇంట్లో తానిక మిగులుతుందా?

అవతల మూటలు దింపడం అయిపోతోంది. తెరమీద ముప్ఫై అలాగే ఉంది.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. పెద్దవాడి బండికున్న గన్ను మీట నొక్కి, రెండు చేతులతో పట్టి లాగింది. బరువుకి వెనక్కి తూలింది. చార్జరు ఒక క్షణం తడబడినట్టు ఆగి, మళ్ళీ గుర్రుమంది.

తిరిగి చూసేసరికి వాషింగ్ షెడ్డు గుమ్మంలో పెద్దవాడు నిలబడి ఉన్నాడు. తన బండి చార్జింగు లాగేసిన మరదలిని చూస్తున్నాడు. ఆమె చేతిలో గన్ను ఉంది.

*

"దొరికిందా!"

అరిచింది చిన్నవాడు. ఇటువైపునుంచి తాడు దగ్గరికి వచ్చేశాడు. "నా బండి చార్జింగులో ఉండగా అన్నయ్య బండి కూడా పెట్టేస్తున్నాడన్నమాట! అందుకా తగ్గుతోంది? ఇంకా నేను ఫోను అనుకున్నా. చూశావుగా? నీ కళ్ళతో నువ్వే చూశావుగా? చెప్పు అందరికీ!"

ఎందుకమ్మ నోరు తెరిచింది. బావగారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. డ్రైవర్లు మూటలు చేతుల్లో పెట్టుకుని నిలబడిపోయారు. ఆఫీసు కిటికీలో పెద్దకోడలు, చెవిన ఫోను పెట్టుకునే, అవతల ఎవరో హలో హలో అంటున్నా పలకకుండా చూస్తోంది.

"చెప్పవేం?" అన్నాడు చిన్నవాడు. "రోజూ ఎందుకు ఎందుకు అని ప్రాణం తీస్తావు. ఇప్పుడు నోరు రాదా?"

"దాన్నెందుకు అరుస్తావు? పెట్టింది నేను" అంది తల్లి.

బండి వెనకనుంచి నింపాదిగా తాడు దగ్గరికి వచ్చింది. "వాడికేం తెలుసు? వాడు షెడ్డులో ఉన్నాడు. రోజూ నేనే పెడుతున్నా. ఏం, పెట్టకూడదా?"



"అదీగాక" అంది పెద్దకోడలు కిటికీలోంచి, ఇక ఉండబట్టలేక, "మీ అన్నయ్య ఫోన్లో ఆ చార్జరు యాప్ తెరుచుకోదు. పాస్‌వర్డు మర్చిపోయి నెలయింది."

పెద్దవాడు భార్య వైపు కొరకొరా చూశాడు. ఒక డ్రైవరు మూట వెనక మొహం దాచుకుని నవ్వాడు.

చిన్నవాడు నీళ్ళు నమిలాడు. అన్నయ్యా అనే ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది, వెనక్కి పోయింది. తల్లి మీద కోప్పడదామంటే ఆ మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు, తెలియని ఛాయ మాత్రమే ఉంది. అతనికి తల తీసేసినట్టయింది. పొద్దున తాను బిగించిన ముడినే పట్టుకుని నిలబడ్డాడు.

తల్లి మాత్రం అతన్ని చూడటం లేదు. చిన్నకోడలిని చూస్తోంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఆవిడ నోట విననిమాట అప్పుడు విన్నారందరూ.

"ఎందుకే?" అంది. "రెండూ పెడితే ఎందుకు తగ్గుతుంది?"

ఎందుకమ్మకు ధైర్యం వచ్చింది. "గన్నులు రెండున్నాయి గాని అత్తయ్యా, లోపల ఉన్న కరెంటు ఒక్కటే. ఒక్క బండి పెడితే అంతా దానికే వెళ్తుంది. రెండు పెడితే చెరి సగం."

"చెరి సగమైతే తప్పేముంది? అన్నదమ్ములేగా."

"తప్పేం లేదు. సాయంత్రందాకా ఆగే బండ్లయితే అలాగే పెట్టుకోవచ్చు. కానీ వేళకి కదలాల్సినప్పుడు రెండూ సగం సగంతోనే నిలబడతాయి. ఆసుపత్రి వాళ్ళూ తిడతారు, హోటలు వాళ్ళూ తిడతారు. సమానంగానే తిడతారు."

అత్తగారు దాన్ని కాసేపు నమిలింది. "అంటే, ఇన్నాళ్ళూ నేను ఇద్దరికీ సమంగా పెట్టి, ఇద్దర్నీ సగం ఆకలితో పంపానన్నమాట."

అత్తగారి గొంతు మొదటిసారి వణికింది. చిన్నవాడు చటుక్కున తలెత్తి తల్లిని చూశాడు.

"మరి ఏం చెయ్యాలి?"

"ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. ముందు పెట్టింది గబగబా ఎక్కి వెళ్ళిపోతుంది. రెండోది ఆగాలి."

"ముందు ఎవరికి?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వేయకుండా ఉండటానికే ఆవిడ రెండు గరిటెలు పట్టింది. ఇప్పుడు ఆవిడే అడిగింది. అడిగి, కొడుకులిద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెద్దోడు అంటే చిన్నోడికి కష్టం. చిన్నోడంటే పెద్దోడికి అవమానం. అటూ ఇటూ చూసి ఆవిడ తల దించుకుంది.

"నావల్ల కాదు" అంది. "నువ్వు చూశావు, నీకు తెలిసింది. నువ్వే పెట్టు."

గన్ను బరువు అప్పుడు తెలిసింది ఎందుకమ్మకు. తెరమీద అంకె మళ్ళీ అరవై చూపిస్తోంది. ఇలాగే వదిలేస్తే గౌన్లు వేళకి వెళ్తాయి. డాక్టరుగారు చేతులెత్తుకుని నిలబడక్కర్లేదు, చిన్నవాడు సంచి సర్దక్కర్లేదు. కానీ హైవే హోటలు దుప్పట్లు ఆగిపోతాయి, అదీ బావగారు చెయ్యని తప్పుకి మాటలు పడ్డ మర్నాడే. చేతిలో ఉన్నది తిరిగి ఆయన బండికి గుచ్చితే రెండూ సగమే. ఏది చేసినా మొగుడి పక్షమనో, అత్తింటి పక్షమనో ఎవరో ఒకరు అంటారు.

హాస్పిటల్ బండి డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "చిన్నమ్మగారూ, గౌన్లు ఎక్కించేశాం."

"అక్కా, హోటలు వాళ్ళు ఏమంటున్నారు?" అంది ఎందుకమ్మ, ఎటూ తోచక.

"ఇంకా ఫోన్లోనే ఉన్నారు" అంది పెద్దకోడలు. "ఎప్పుడు బయల్దేరుతోందని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

అప్పుడు పెద్దవాడు గుమ్మంలోంచి కదిలాడు.

యార్డు దాటి వచ్చాడు. తాడు దగ్గర ఆగాడు. తాడుకు ఒకవైపు తమ్ముడు ముడి పట్టుకుని నిలబడి ఉన్నాడు, రెండోవైపు అన్న. పెద్దవాడు తాడుమీదున్న తల్లి తువ్వాలు తీసి, తడిచేతులు తుడుచుకుని, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే వేశాడు. తమ్ముడి మొహంలోకి మాత్రం చూడలేదు. మరదలి వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

నిన్నటినుంచి నలుగురిలో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. ఇస్తే దాన్ని కొక్కేనికి తగిలిస్తాడా, తన బండికి గుచ్చుతాడా, ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. చిన్నవాడి వేళ్ళు ముడిమీద బిగుసుకున్నాయి.

ఎందుకని ఎందుకమ్మ అడగలేదు. గన్ను ఇచ్చేసింది.